ఆ కుర్చీ ఎలా ఖాళీ అయింది?

ముందే ఒక మాట. నేను ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం. తెలుగులో ఇంత పొడుగు వ్యాసం రాయడం ఇదే మొదటిసారి. ఒత్తులు తప్పితే ఎడిటర్ అక్క దిద్దింది. ఆలోచన తప్పితే మాత్రం బాధ్యత నాదే.

మన దగ్గర ఫారిన్ లాంగ్వేజ్ ఎలెక్టివ్ అనగానే సగం మంది జర్మన్ మీద పడతారు. ఎందుకో అందరికీ తెలుసు. ఎమ్మెస్‌కి అక్కడికెళ్తే పబ్లిక్ యూనివర్సిటీల్లో ఫీజు తక్కువ. నేనూ అందుకే తీసుకున్నా. డెర్, డీ, దాస్ దగ్గరే నా బండి ఆగిపోయింది, అది వేరే కథ. ఒక శనివారం మా సార్ గ్రామర్ పక్కన పెట్టి ప్రొజెక్టర్ మీద ఒక పాత సినిమా ముక్క చూపించారు. 1960లో వచ్చిన 'ఫౌస్ట్'. స్టేజీ మీద ఆడిన నాటకాన్నే కెమెరాతో పట్టిన సినిమా అది. అందులో సైతాను వేషం వేసినాయన ముఖమంతా తెల్లరంగు, పైకి ఎగిరిన నల్లటి కనుబొమలు, ఎర్రటి పెదాలు. ఆయన మాట్లాడే జర్మన్ నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా చూపు తిప్పుకోలేకపోయా. తల కొంచెం వంచితే చాలు, ఎదుటివాడి బలహీనత అంతా కనిపెట్టేశాడని మనకి తెలిసిపోతుంది.

"ఎవరు సార్ ఈయన?" అని అడిగా.

"గుస్టాఫ్ గ్రుండ్‌గెన్స్. వాళ్ళ దేశంలో చాలా పెద్ద నటుడు, దర్శకుడు" అన్నారు. ఒక్క క్షణం ఆగి, "హిట్లర్ టైమ్‌లో కూడా" అన్నారు.

ఆ 'కూడా' నన్ను పట్టుకుంది. రూమ్‌కి వచ్చి వెతకడం మొదలుపెడితే రాత్రి రెండైంది. మర్నాడు డేటా స్ట్రక్చర్స్ మిడ్. అందులో ఎన్నొచ్చాయో దయచేసి అడగొద్దు.

బావ, బావమరిది

గ్రుండ్‌గెన్స్ 1899 డిసెంబర్‌లో డ్యూసెల్‌డార్ఫ్‌లో పుట్టాడు. నటన అక్కడే నేర్చుకున్నాడు. 1923లో హాంబర్గ్‌లో ఒక మంచి థియేటర్‌లో చేరాడు. కొన్నేళ్ళలో ముఖ్యమైన వేషాలూ ఆయనవే, దర్శకత్వమూ ఆయనదే అయిపోయింది.

1925లో క్లౌస్ మాన్ అనే కుర్రాడు ఒక నాటకం రాశాడు. అప్పటికి అతనికి పంతొమ్మిది కూడా నిండలేదు. అంటే నాకంటే చిన్నోడు. పెద్ద రచయిత థామస్ మాన్ కొడుకు. ఆ నాటకాన్ని గ్రుండ్‌గెన్స్ హాంబర్గ్‌లో స్టేజీ ఎక్కించాడు. అందులో తనూ నటించాడు, క్లౌస్ నటించాడు, క్లౌస్ అక్క ఎరికా కూడా నటించింది. మరుసటి ఏడాది గ్రుండ్‌గెన్స్, ఎరికా పెళ్ళి చేసుకున్నారు. 1929లో విడిపోయారు. ఈ బావ, బావమరుదులని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తారు.

1928లో గ్రుండ్‌గెన్స్ బెర్లిన్ చేరాడు. అప్పట్లో జర్మన్ నాటకరంగానికి చక్రవర్తిలాంటి మాక్స్ రైన్‌హార్ట్ థియేటర్‌లో పని. 1931లో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన 'ఎం' సినిమాలో దొంగల నాయకుడి వేషం. పిల్లల్ని చంపే హంతకుణ్ణి పోలీసులకంటే ముందు దొంగలే పట్టుకుని సొంతంగా కోర్టు పెడతారు. ఆ కోర్టుకి పెద్ద ఈయనే. తోలు కోటు, నల్ల గ్లౌజులు, ఒక్క కండరం కదలని ముఖం. ఆ సినిమా చూడకపోతే చూడండి. తొంభై ఏళ్ళు దాటినా ఇంకా భయపెడుతుంది.

1932 గేటె చనిపోయి వందేళ్ళైన సంవత్సరం. బెర్లిన్‌లోని ప్రష్యన్ స్టేట్ థియేటర్ గేటె రాసిన 'ఫౌస్ట్' వేసింది. కథ చిన్నగా చెప్తా. ఫౌస్ట్ అనే పండితుడు అన్ని శాస్త్రాలూ చదివేసి, ఏమీ తెలియలేదని విసుగెత్తి, మెఫిస్టో అనే సైతానుతో ఒప్పందం చేసుకుంటాడు. రక్తంతో సంతకం పెడతాడు. ఆ మెఫిస్టో వేషం గ్రుండ్‌గెన్స్‌ది. మనకి ఎస్వీఆర్ అనగానే ఘటోత్కచుడు కళ్ళముందుకొచ్చినట్టు, జర్మన్లకి గ్రుండ్‌గెన్స్ అనగానే మెఫిస్టో. మన 'మాయాబజార్' వచ్చిన 1957లోనే అక్కడ ఆయన హాంబర్గ్‌లో ఫౌస్ట్ మళ్ళీ దర్శకత్వం చేసి, అదే వేషం మళ్ళీ వేశాడు. మేం క్లాసులో చూసింది ఆ ప్రదర్శనే.

అంటే 1932 చివరికి ఆయన వయసు 33, పేరు ఆకాశంలో. ఒక్క నెల తిరగ్గానే, 1933 జనవరి 30న హిట్లర్ ఛాన్సలర్ అయ్యాడు.

ఎవరు వెళ్ళారు, ఎవరు ఉండిపోయారు

ఇక్కడ నేను ఒక పని చేశా. నోట్‌బుక్‌లో 1933కి ముందు గ్రుండ్‌గెన్స్ చుట్టూ ఉన్నవాళ్ళ పేర్లు ఒక వరుసలో రాసి, పక్కన ఏమయ్యారో రాశా.

'ఎం' తీసిన ఫ్రిట్జ్ లాంగ్: 1933లో దేశం వదిలాడు. అందులో హంతకుడి వేషం వేసిన పీటర్ లోరె: యూదుడు, 1933లో వదిలాడు. మాక్స్ రైన్‌హార్ట్: యూదుడు, ఆయన థియేటర్ చెయ్యి జారిపోయింది, 1943లో న్యూయార్క్‌లో చనిపోయాడు. 1930 దాకా స్టేట్ థియేటర్‌ని నడిపిన లెయోపోల్డ్ యెస్నర్: యూదుడు, 1933లో వదిలాడు, 1945లో లాస్ ఏంజెలెస్‌లో చనిపోయాడు. ఆ థియేటర్‌లో పెద్ద హీరో ఫ్రిట్జ్ కోర్ట్‌నర్: యూదుడు, ప్రవాసం. క్లౌస్ మాన్, ఎరికా మాన్: ప్రవాసం. నాటక రచయిత బ్రెష్ట్: పార్లమెంటు భవనం తగలబడిన మర్నాడే కుటుంబంతో బయటపడ్డాడు.

ఇంకో పేరు ఉంది. హాన్స్ ఒట్టో. 1900లో పుట్టాడు, గ్రుండ్‌గెన్స్ ఈడువాడే. అదే స్టేట్ థియేటర్‌లో నటుడు. కమ్యూనిస్టు. 1933లో ఉద్యోగం తీసేశారు. వేరే దేశం వెళ్ళకుండా బెర్లిన్‌లోనే రహస్యంగా పనిచేశాడు. నవంబర్‌లో నాజీల ఎస్‌ఏ మనుషులు పట్టుకుని చిత్రహింసలు పెట్టారు. నవంబర్ 24న చనిపోయాడు. 33 ఏళ్ళు. ఇప్పుడు పాట్స్‌డామ్‌లో ఆయన పేరు మీద ఒక థియేటర్ ఉంది.

ఇది జరిగి ఆర్నెల్లు కూడా తిరక్కముందే, 1934లో, అదే స్టేట్ థియేటర్‌కి గ్రుండ్‌గెన్స్ ఇంటెండాంట్ అయ్యాడు. జర్మనీలో ఇంటెండాంట్ అంటే థియేటర్‌కి సర్వాధికారి. ఏ నాటకం వెయ్యాలి, ఎవరిని తీసుకోవాలి, డబ్బు ఎలా ఖర్చు పెట్టాలి, అన్నీ ఆయన చేతిలోనే. పదవి ఇచ్చింది హెర్మన్ గోరింగ్. ప్రష్యా ప్రధానమంత్రిగా ఆ థియేటర్ గోరింగ్ కింద ఉండేది. ప్రచార మంత్రి గోబెల్స్‌కి అందనీయకుండా దాన్ని తన సొంత నగలా దాచుకున్నాడు. గోరింగ్ పెళ్ళాడబోతున్న ఎమ్మీ జోనెమన్ కూడా ఆ థియేటర్ నటే.

నిజం చెప్పాలంటే, గ్రుండ్‌గెన్స్‌కి సరిగ్గా ముందు ఆ పదవిలో ఉన్నది నాజీలు పెట్టిన మనుషులే. వాళ్ళు థియేటర్‌ని నడపలేకపోయారు. కాబట్టి 'యూదుణ్ణి తోసి ఆ కుర్చీలో ఈయన్ని కూర్చోబెట్టారు' అని ఒక్క వాక్యంలో తేల్చేస్తే తప్పు. కానీ ఒక్క కుర్చీ సంగతి వదిలేసి మొత్తం స్టేజీని చూడండి. ఆ ఊళ్ళో ఆయనకంటే పెద్దవాళ్ళూ, ఆయనతో సమానమైనవాళ్ళూ ఎంతోమంది ఒక్క ఏడాదిలో మాయమైపోయారు. పోటీ లేని మైదానం మిగిలింది. అందులో నిజంగా టాలెంట్ ఉన్నవాడు ఒకడు ఉండిపోయాడు. పిలుపు వచ్చింది. వెళ్ళాడు. 1936లో ప్రష్యా స్టేట్ కౌన్సిలర్ అనే బిరుదు, 1937లో జనరల్ ఇంటెండాంట్.

మా రూమ్మేట్ వాదన

ఇదంతా చెప్తే మా రూమ్మేట్ మంచం మీదనుంచి లేవకుండానే అన్నాడు. "సరే మామా, వెళ్ళిపోయుంటే ఏం చేసేవాడు? ఆయనకి వచ్చిందల్లా జర్మన్ మాట్లాడ్డమే. కోడర్ అయితే ఏ దేశంలోనైనా కోడ్ రాస్తాడు. నటుడు భాష లేకుండా ఏం పీకుతాడు?"

మంచి పాయింటే. దానికి ఇంకో రెండు నేనే కలుపుతా.

ఒకటి, గ్రుండ్‌గెన్స్ స్వలింగ సంపర్కుడు. అప్పటి జర్మనీలో 175వ సెక్షన్ కింద అది నేరం. 1935లో నాజీలు ఆ చట్టాన్ని ఇంకా కఠినం చేశారు. వేలమందిని జైళ్ళకీ క్యాంపులకీ పంపారు. 1936లో ఆయన నటి మరియానె హొప్పెని పెళ్ళి చేసుకున్నాడు. అది ఒక గొడుగు అని చాలామంది అంటారు. గోరింగ్ కూడా ఆయనకి ఒక గొడుగే. ఆ గొడుగు ముడిస్తే ఏమవుతుందో ఆయనకి బాగా తెలుసు.

రెండోది, ఆ కుర్చీలో కూర్చుని ఆయన మనుషుల్ని కాపాడాడు. ఇది పుకారు కాదు, కాపాడబడినవాళ్ళే చెప్పారు. నటుడు పాల్ బిల్ట్ భార్య యూదురాలు. పాల్ హెంకెల్స్‌ది సగం యూదు రక్తం, భార్య యూదురాలు. థియో లింగెన్ భార్యది కూడా యూదు మూలమే. వేరే ఎక్కడైనా వీళ్ళకి పని దొరకదు. వీళ్ళని గ్రుండ్‌గెన్స్ తన థియేటర్‌లో ఉంచాడు. ఇక ఎర్న్‌స్ట్ బుష్. కమ్యూనిస్టు నటుడు, గాయకుడు. ఆయన్ని ఫ్రాన్స్‌లో పట్టుకుని జర్మనీకి తెచ్చి రాజద్రోహం కేసు పెట్టారు. ఉరి ఖాయం అనుకున్నారు. గ్రుండ్‌గెన్స్ లాయర్లని పెట్టి, తన పలుకుబడి వాడి, శిక్ష జైలు దాకా తగ్గేలా చేశాడు.

"చూశావా! ఆయన వెళ్ళిపోయుంటే వాళ్ళందరినీ ఎవడు కాపాడేవాడు?" అన్నాడు మా వాడు. ఇక చర్చ అయిపోయింది, లైట్ ఆపేయ్ అన్నట్టు అటు తిరిగి పడుకున్నాడు.

నాకు నిద్ర రాలేదు.

యావరేజ్ తీయొద్దు

మనం సీఎస్ వాళ్ళం. రెండు నంబర్లు కనిపిస్తే చాలు, యావరేజ్ తీసేస్తాం. కాపాడినవాళ్ళు ఇంతమంది, ఇవతల గోరింగ్‌కి చేసిన సేవ ఇంత, కూడి తీసేస్తే మనిషి మంచోడా చెడ్డోడా అనే ఒక్క విలువ వస్తుందని ఆశ. కానీ యావరేజ్ తీసిన క్షణమే అసలు డేటా పోతుంది. పది, తొంభై కలిసి యాభై అవుతాయి. యాభై, యాభై కలిసినా యాభయ్యే. రెండూ ఒకటేనా?

అందుకని రెండు కాలమ్స్ విడివిడిగానే ఉంచుదాం. మొదటి కాలమ్‌లో బిల్ట్, హెంకెల్స్, లింగెన్, బుష్. వీళ్ళ ప్రాణాలు నిజం. వాటిని ఎవరూ కొట్టేయలేరు.

రెండో కాలమ్‌లో ఏముంది? 1941లో 'ఓమ్ క్రూగర్' అనే బ్రిటిష్ వ్యతిరేక ప్రచార సినిమాలో ఆయన నటించాడు. బలవంతంగానే అంటారు, ఒప్పుకుందాం. కానీ నా దృష్టిలో పెద్ద పద్దు ఆ సినిమా కాదు. ఆయన వేసిన మంచి నాటకాలే. ఆ పదేళ్ళలో స్టేట్ థియేటర్‌లో చెత్త ప్రచార నాటకాలు తక్కువ. షేక్స్‌పియర్, గేటె, షిల్లర్ ఎక్కువ. 1937లో యుర్గెన్ ఫేలింగ్ అక్కడ వేసిన 'మూడో రిచర్డ్'లో కుంటుకుంటూ నడిచే హంతక రాజుని చూసి జనానికి కుంటి గోబెల్స్ గుర్తొచ్చాడట. అంత ధైర్యం కూడా ఆ స్టేజీ మీద జరిగింది.

మరి అది మంచిదే కదా? మంచిదే. అదే సమస్య కూడా. విదేశాల నుంచి వచ్చిన అతిథిని ఆ థియేటర్‌లో కూర్చోబెడితే వాడికి ఏం కనిపిస్తుంది? ఇంత అందమైన 'హామ్లెట్' వేసే దేశంలో అంత ఘోరాలు జరుగుతాయా అనిపిస్తుంది. హాలు ఎంత బాగుంటే బయట చీకటి అంత తక్కువ కనపడుతుంది. ప్రచార నాటకం వేసి ఉంటే కనీసం వాసన వచ్చేది.

ఇంకొకటి. కాపాడే శక్తి ఆయనకి ఎక్కడ్నుంచి వచ్చింది? చంపేవాడి దగ్గర్నుంచే. బుష్‌ని వదిలేయమని అడగాలంటే, అడిగితే వినేంత దగ్గరగా ఉండాలి. దగ్గరగా ఉండాలంటే పదేళ్ళు నమ్మకంగా ఉండాలి. వాళ్ళు ఒక్కణ్ణి వదిలిన ప్రతిసారీ 'చూశారా, మేం అంత రాక్షసులం కాదు' అని చెప్పుకోవడానికి వాళ్ళకీ ఒక సాక్ష్యం దొరుకుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది టైమ్. బుష్‌ని కాపాడింది 1943 తర్వాత. పదవికి ఒప్పుకుంది 1934లో. ఒప్పుకున్న రోజున ముందు ముందు ఎవరిని కాపాడతాడో ఆయనకి తెలీదు. ఆ రోజు తెలిసింది ఒక్కటే. ఎవరెవరు వెళ్ళిపోయారో తెలుసు. హాన్స్ ఒట్టో ఏమయ్యాడో తెలుసు. ఆ మాటకొస్తే బెర్లిన్ నాటకరంగంలో తెలియనివాళ్ళు ఉండరు. తర్వాత చేసిన మంచి తెచ్చి ముందు చేసిన సంతకానికి కారణంగా చూపించకూడదు. మన ప్రాజెక్టుల్లో కొందరు కోడ్ అంతా అయిపోయాక డిజైన్ డాక్యుమెంట్ రాస్తారే, అలా ఉంటుంది అది.

చప్పట్లు ఎవరికి, బిల్లు ఎవరికి

బావమరిది కథకి వద్దాం. ప్రవాసంలో ఉన్న క్లౌస్ మాన్ 1936లో 'మెఫిస్టో' అనే నవల రాశాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయింది. అందులో హీరో ఒక నటుడు. నాజీలతో రాజీపడి మెట్టు మెట్టుగా పెద్ద థియేటర్‌కి అధిపతి అవుతాడు. పేరు మార్చినా ఎవరో అందరికీ తెలిసిపోతుంది. ఇది ఒక్క మనిషి బొమ్మ కాదు, ఒక రకం మనుషుల బొమ్మ అని క్లౌస్ అన్నాడు. నవలలో కోపం ఎక్కువ, న్యాయం కొంచెం తక్కువ. దూరాన కూర్చుని 1936లో రాసినవాడికి 1943లో జరగబోయేది తెలిసే అవకాశమే లేదు.

1945లో యుద్ధం అయిపోయింది. రష్యన్లు గ్రుండ్‌గెన్స్‌ని పట్టుకుని క్యాంపులో పెట్టారు. సుమారు తొమ్మిది నెలలు ఉన్నాడు. బయటికి రావడానికి సాయం చేసినవాళ్ళలో ఎర్న్‌స్ట్ బుష్ ఒకడు. ఇది చదివినప్పుడు నిజంగా కళ్ళు చెమర్చాయి. ఇచ్చిన ప్రాణం తిరిగొచ్చి తలుపు తీసింది.

1946 మేలో ఆయన బెర్లిన్‌లో మళ్ళీ స్టేజీ ఎక్కాడు. నాటకం పేరు 'ది స్నాబ్'. తెర లేవగానే హాలంతా చప్పట్లతో మారుమోగిపోయింది. ఆగని చప్పట్లు. ఆ ప్రేక్షకుల్లో ఒకడిగా కూర్చుని చూసినవాడు క్లౌస్ మాన్. అమెరికన్ సైన్యంలో పనిచేసి వచ్చాడు. దేశం పోయింది, పాఠకులు పోయారు, భాష కూడా మారిపోయి ఇంగ్లీషులో రాసుకుంటున్నాడు. ఎదురుగా బావగారికి చప్పట్లు.

ఆ తర్వాత లెక్కలు ఇలా నడిచాయి. గ్రుండ్‌గెన్స్ 1947 నుంచి డ్యూసెల్‌డార్ఫ్ థియేటర్ల అధిపతి, 1955 నుంచి హాంబర్గ్ పెద్ద థియేటర్ అధిపతి. ఫౌస్ట్ తీసుకుని మాస్కో వెళ్ళాడు, న్యూయార్క్ వెళ్ళాడు. క్లౌస్ తన నవలని పశ్చిమ జర్మనీలో అచ్చు వేయించాలని చూశాడు. 1949లో ఒక ప్రచురణకర్త వెనక్కి తగ్గాడు. కారణం ఏం చెప్పాడంటే, గ్రుండ్‌గెన్స్ ఇక్కడ చాలా పెద్ద స్థానంలో ఉన్నాడట. అదే సంవత్సరం మేలో క్లౌస్ ఫ్రాన్స్‌లో ప్రాణం తీసుకున్నాడు. 42 ఏళ్ళు. అతని బాధలు చాలా ఉన్నాయి, పాతవి ఉన్నాయి. ఆ చావుని ఈ ఒక్క విషయం మీదకి తోసేయడం అన్యాయం. కానీ ఆ ప్రచురణకర్త ఉత్తరం మాత్రం నిజం.

1963లో గ్రుండ్‌గెన్స్ పదవి వదిలి ప్రపంచయాత్రకి బయల్దేరాడు. అక్టోబర్‌లో మనీలాలో చనిపోయాడు. నిద్రమాత్రలు ఎక్కువయ్యాయి. పొరపాటా, కావాలనా, ఎవరూ తేల్చలేకపోయారు. తర్వాత ఆయన దత్తపుత్రుడు నవల మీద కేసు వేశాడు. పశ్చిమ జర్మనీ కోర్టులు నవలని ఆపేశాయి. 1971లో రాజ్యాంగ న్యాయస్థానంలో జడ్జిలు 3-3గా చీలిపోయారు. సమానం కాబట్టి నిషేధం అలాగే ఉండిపోయింది. చనిపోయిన మనిషి గౌరవానికీ కళాస్వేచ్ఛకీ మధ్య గొడవ అనే పేరుతో ఆ తీర్పుని లా స్టూడెంట్స్ ఇప్పటికీ చదువుతారు. 1981లో ఒక ప్రచురణ సంస్థ నిషేధాన్ని పట్టించుకోకుండా అచ్చు వేసేసింది. విపరీతంగా అమ్ముడుపోయింది. ఎవరూ కేసు పెట్టలేదు. అదే ఏడాది హంగరీ దర్శకుడు ఇష్త్వాన్ సాబో దాన్ని సినిమాగా తీస్తే ఆస్కార్ వచ్చింది.

నాకు కోపం తెప్పించేది ఇదే. ఉండిపోయినవాడి కష్టాల గురించి అందరం అడుగుతాం. పాపం, ఎంత ఇరకాటంలో ఉన్నాడో అంటాం. సినిమాలు కూడా ఉండిపోయినవాడి మీదే తీస్తాం, ఎందుకంటే వాడి కథలో డ్రామా ఉంది. వెళ్ళిపోయినవాడి కథలో ఏముంటుంది? అద్దె గదులు, వీసాలు, రాని భాష, తిరిగి వచ్చిన రాతప్రతులు. అది ఎవరూ చూడరు. తిరిగొస్తే చప్పట్లు కొట్టడానికి అక్కడ వాళ్ళ పేరు గుర్తున్నవాళ్ళు కూడా తక్కువే.

గ్రుండ్‌గెన్స్‌కి ఇది తెలీదని నేను అనుకోను. 1932లో బ్రెష్ట్ రాసిన 'కబేళాల జోన్' నాటకం వెయ్యాలని ఆయన అనుకున్నాడు. అప్పుడు కుదరలేదు, బ్రెష్ట్ దేశమే వదలాల్సి వచ్చింది. 1959లో హాంబర్గ్‌లో ఆ నాటకాన్ని మొదటిసారి స్టేజీ ఎక్కించింది గ్రుండ్‌గెన్సే. జోన్ వేషం బ్రెష్ట్ కూతురిది. అప్పటికి బ్రెష్ట్ చనిపోయి మూడేళ్ళు. ఆలస్యంగా తీర్చిన బాకీలా అనిపించింది నాకు. బాకీ ఉందని తెలిస్తేనే కదా తీరుస్తాం.

నా స్కిట్ సంగతి

ఇక్కడిదాకా తీర్పులు బాగా చెప్పా. ఇప్పుడు నా వంతు. నాజీ జర్మనీ పక్కన మన స్కిట్‌ని పెట్టడం ఓవర్ అని నాకు తెలుసు. ఇక్కడ ఎవరి ప్రాణమూ పోలేదు. కానీ ఆ రాత్రి నిద్ర రాకపోవడానికి కారణం ఇదే కాబట్టి చెప్పాలి.

పోయినేడు ఒక ఫెస్ట్‌కి మేం పన్నెండు మందిమి స్కిట్ తయారు చేశాం. రాసిందీ డైరెక్ట్ చేసిందీ మా సీనియర్ అక్క. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని సర్టిఫికెట్లు ఆపేస్తే ఒక అబ్బాయి పడే అవస్థ, అదీ కథ. అసలు సీన్ కౌంటర్ దగ్గర నాన్న చేతులు కట్టుకుని నిలబడేది. రెండు రోజుల ముందు నిర్వాహకులు ఆ సీన్ తీసేయమన్నారు. అక్క తియ్యనంది. అయితే నువ్వు పక్కకి తప్పుకో అన్నారు. నన్ను పిలిచి "నువ్వు చూసుకుంటావా?" అని అడిగారు.

పది నిమిషాలు కూడా పట్టలేదు. ఒప్పుకున్నా. నాకు నేను చెప్పుకున్నవి వరుసగా రాస్తా, మీకు ఎక్కడో విన్నట్టే ఉంటుంది. నేను కాదంటే వేరేవాడు చేస్తాడు, వాడు ఇంకా చెడగొడతాడు. పన్నెండు మంది రెండు నెలల కష్టం. లోపల ఉంటేనే కదా మిగతా సీన్లు అయినా కాపాడుకోగలం. నిజంగానే కాపాడా కూడా. ఇంకో రెండు డైలాగులు తీసేయమంటే పోట్లాడి ఉంచా. సెకండ్ ప్రైజ్ వచ్చింది. లింక్డ్‌ఇన్‌లో ఫోటో పెట్టా. 'డైరెక్టర్' అని రాసుకున్నా. అక్క ఆ రోజు చివరి వరుసలో కూర్చుంది. చప్పట్లు కొట్టింది కూడా. స్టేజీ మీదనుంచి చూశా. దిగాక వెతికితే లేదు.

ఈ వ్యాసం సగం రాశాక, ఏడాది తర్వాత, అక్కకి మెసేజ్ పెట్టా. ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. ఆ రోజు జరిగినదానికి సారీ అని రాశా. అరగంటకి రిప్లై వచ్చింది. అడిగితే ఇక్కడ వేసుకోమంది.

"నువ్వు ఒప్పుకున్నందుకు నాకు కోపం లేదురా. స్కిట్ ఆగిపోతే నాకూ బాధే. ఒప్పుకునే ముందు ఒక్కసారి నాకు ఫోన్ చేసి, అక్కా ఇలా అడుగుతున్నారు అని చెప్పలేదు చూడు. అది."

అదే. కుర్చీ చూశాను గానీ, అందులోనుంచి లేపేసిన మనిషి వైపు చూడలేదు.

కాబట్టి

గ్రుండ్‌గెన్స్ దుర్మార్గుడని నేను అనడం లేదు. ఆ స్థానంలో ఉంటే నేను వెళ్ళిపోయేవాణ్ణని గొప్పలు చెప్పుకోను. పది నిమిషాల్లో ఒప్పుకున్నవాణ్ణి, నాకంత సీన్ లేదు. ఆయన నటనని చూడొద్దనీ అనను. ఆ మెఫిస్టోని నేను ఇప్పటికి ఆరుసార్లు చూశా, మళ్ళీ చూస్తా.

నేను అంటున్నది చిన్న విషయం. మెఫిస్టో వస్తే కొమ్ములతో వస్తాడని మనం ఎదురుచూస్తాం. నిజంగా వచ్చేటప్పుడు వాడు ఒక మంచి అవకాశంలా వస్తాడు. పైగా ఆ అవకాశానికి మనం అర్హులమే అయి ఉంటాం. గ్రుండ్‌గెన్స్‌కి టాలెంట్ లేకపోతే ఆ పదవి వచ్చేది కాదు. మనకి అర్హత ఉంది కాబట్టి ఇంకేం అడగక్కర్లేదు అనుకోవడం దగ్గరే కాలు జారుతుంది. అర్హత ఉందా అనేది ఒక ప్రశ్న. ఆ చోటు ఎలా ఖాళీ అయింది అనేది వేరే ప్రశ్న. రెండోది అడిగాక కూడా మనం ఒప్పుకోవచ్చు. కొన్నిసార్లు ఒప్పుకోవడమే సరైనది కావచ్చు. కానీ అడగాలి. వీలైతే లేచి వెళ్ళినవాళ్ళనే అడగాలి. ముందే అడగాలి.

వచ్చే ఏడాది మనందరికీ ప్లేస్‌మెంట్స్. ప్రతి ఇంటర్వ్యూ చివర్లో హెచ్ఆర్ నవ్వుతూ "మమ్మల్ని ఏమైనా అడగాలనుకుంటున్నారా?" అంటారు. ఏం అడగాలో సీనియర్లు మనకి ఒక లిస్ట్ ఇచ్చారు. ట్రైనింగ్ ఎన్ని నెలలు, లొకేషన్ ఎక్కడ, బాండ్ ఉందా. నేను నా లిస్ట్‌లో ఇంకోటి కలుపుకున్నా. ఈ పోస్ట్ ఎలా ఖాళీ అయింది సార్?

ఉద్యోగం వస్తుందో రాదో తెలీదు. మా రూమ్మేట్ మాత్రం రాదని గట్టిగా చెప్తున్నాడు. వాడి వాదన వచ్చే సంచికకి రాసివ్వమన్నా. మీరూ రాయండి.